తువ్వాల కింద ధ్యానం

దేవిదాస్ మనసు ఒకచోట నిలిచే సరుకు కాదు. బోధన్ బస్టాండ్ ఎదుట అతనికి చిన్న హోటల్ ఉంది. చాయ్ పొయ్యి మీద ఉంటే, అతని ఛాయ మాత్రమే పొయ్యి దగ్గర ఉండేది. మనిషి ఫోన్లో ఉండేవాడు. ముందు పాలు పొంగేవి, ఆ వెంటనే భార్య శిరీష పొంగేది.

ఆమే అతన్ని నిజామాబాద్‌లో ఆదివారం ధ్యానం క్లాసుకు తోలింది. అక్కడ వర్తమానంలో ఉండమన్నారు. పొద్దస్తమానం ఫోన్లో వచ్చే వర్తమానాల్లోనే ఉంటున్నాను కదా అని దేవిదాస్ సంబరపడ్డాడు. అది కాదట. ఊపిరి పీల్చినప్పుడల్లా బొటనవేలితో ఒక్కో వేలిని నొక్కుతూ లెక్కపెట్టాలట. మనోడికి అది తెగ నచ్చింది. చాయ్ వడపోస్తూ నొక్కేవాడు, చిల్లర ఇస్తూ నొక్కేవాడు, నిద్రలో శిరీష చెయ్యి దొరికితే అదీ నొక్కేవాడు.

ఇంతలో రోజూ పాలు పోసే ఆత్మారాం బర్రెల్ని అమ్ముకుని కూతురి ఊరికి వెళ్లిపోయాడు. ప్యాకెట్ పాల చాయ్ తాగి గిరాకీలు మూతులు తిప్పారు, ఆనక బండ్లూ తిప్పారు.

"అంగడికి పొయ్యి మంచి బర్రెను పట్టుకరా," అంది శిరీష. "ఈపాలి గిట్ల తేడా వచ్చిందనుకో, హోటల్‌కు తాళమేసి బీడీలు చేసుకుంట. నువ్వు తునికాకు కత్తిరిద్దువు."

పశువుల అంగడిలో ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని బేరమాడతారు. వేలు నొక్కితే ఒప్పుకున్నట్టే. తువ్వాల తీశాక ఆ దేవుడొచ్చినా మాట తిరగదు.

దేవిదాస్ కన్ను నిగనిగలాడే ఒక బర్రె మీద పడింది. దాని దగ్గరికి పోయే దారిలోనే దలాలు లింబయ్య అడ్డం తగిలాడు. అతని పక్కన ఒంటికొమ్ము బర్రె, పాలు తాగే దాని దుడ్డె, వాటి యజమానురాలు తారాబాయి.

"దీన్ని సూడు దాదా, బంగారం!" అంది తారాబాయి.

"బంగారమైతే మెడల ఏస్కో అవ్వా. ఒక కొమ్మేది?"

"కొమ్ముతోని పిండుతవా ఏంది?" అంటూ లింబయ్య తువ్వాల కప్పేశాడు. "ఊకె అడుగు అన్న, అడిగితే ఏం పోతది?"

లింబయ్య తన ధర వేళ్లతో చెప్పాడు. దేవిదాస్ మనసు ఆ నిగనిగలాడే బర్రె వైపు పరుగెత్తింది. మనసును నిలపాలని కళ్లు మూసుకున్నాడు. ఊపిరి పీల్చాడు. అలవాటు కొద్దీ నొక్కాడు. మళ్లీ పీల్చాడు, మళ్లీ నొక్కాడు. లోపలున్నవి తన వేళ్లు కావు, లింబయ్యవి!

"ఖాయం!" లింబయ్య తువ్వాల లాగేశాడు. "అరే, బేరమే ఆడలే! రాజా మనిషి!"

ఒంటికొమ్మును చూసి శిరీష అటక మీది తాళంకప్ప దించింది. అది అరిచిన దానికంటే ఘోరం. దేవిదాస్‌కు కొమ్ము కాయడానికి ఆ బర్రెకున్న ఒక్క కొమ్మూ ముందుకు రాలేదు.

కొత్త కొట్టంలో బర్రె పాలు చేపలేదు. పిండబోతే తన్నింది. చెంబు ఒక పక్క, దేవిదాస్ ఒక పక్క పడ్డారు. మర్నాడూ అంతే. పాలు లేవు, ఏం చేయాలో పాలుపోలేదు. తాళంచెవి శిరీష కొంగుకు ఎక్కింది.

మూడో పొద్దున ఆమె కొట్టం గడపలో నిలబడి చూసింది.

"ఏందయ్యా, నీ చేతులేం జేస్తున్నయ్?"

"పిండుతున్న."

"పిండుతలేవు, లెక్కవెడుతున్నవ్! ఊపిరి తీసినప్పుడల్లా రొమ్మును ఒత్తి ఇడుస్తున్నవ్. దానికి నొస్తదా లేదా? దాని దిక్కు సూడరాదు!"

"మరి ధ్యానం?"

"ధ్యానం నాకు తెల్వది. దానికి దాణా వెట్టిన. ఇగ నువ్వు దాన్ని సూడు."

దేవిదాస్ చూశాడు. బర్రె బెదురు కళ్లతో దుడ్డెను వెతుక్కుంటోంది. దుడ్డెను విప్పి దాని ముందుకు తోలాడు. పొదుగు మీద అరచెయ్యి ఉంచాడు. వెచ్చగా ఉంది. బర్రె దుడ్డె వీపు నాకడం మొదలుపెట్టింది. దాని ఒళ్లు మెల్లగా వదులవుతున్న సంగతి అతని చేతికి తెలిసింది. వేళ్లు వాటంతటవే మెత్తబడ్డాయి. చెంబులో చుర్రుమంది. మళ్లీ చుర్రుమంది. నురగ లేచింది. జేబులో ఫోన్ మోగుతోంది. పక్కింటి వాళ్లదేమో అనుకున్నాడు.

హోటల్ వైపు నుంచి పాత గిరాకీ భూమేష్ కేక వినిపించింది. "శిరీషక్కా, పొయ్యి ముట్టియ్యలేదేంది? అన్న యాడికి పోయిండు?"

"యాడికి పోలే," అంది శిరీష, కొంగుకున్న తాళంచెవి విప్పుతూ. "ఇయ్యాల ఈన్నే ఉన్నడు. కూసో, పాలు వస్తున్నయ్."