లారీలు ఆగే గట్టు

హన్నమ్మ సర్పంచి అయ్యేనాటికి చిలకలగుట్ట పంచాయతీ ఆఫీసు గడప తొక్కిన ఆడమనిషి లేదు. తొంభై అయిదు ఎన్నికల్లో ఆ పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయింది. ఊరి పక్కన ఎస్సీల పాలెంలో మిషన్ బడికి పోయి ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. కూలికి పోయే మనిషినే అందరూ కలిసి నిలబెట్టి గెలిపించారు.

ఆ ఏడు జవహర్ రోజ్‌గార్ యోజన కింద ఊరికి డబ్బు వచ్చింది. ఒక్క పనికి సరిపోతుంది. మునుపటి సర్పంచి రామనారాయణరెడ్డి ఊరి మొదట్లో, ఆత్మకూరు నుంచి బద్వేలు పోయే రోడ్డు మీద, పెద్ద ఆర్చి కట్టిద్దామన్నాడు. దాని మీద సర్పంచి పేరు చెక్కిస్తారని విని హన్నమ్మ భర్త యేసురత్నం మురిసిపోయాడు. సమాధుల మీద తప్ప వాళ్ల పాలెంలో ఎవరి పేరూ రాతికెక్కలేదు. హన్నమ్మకూ ఆశ పుట్టింది.

ఆ వారంలోనే గొర్రెల ఓబులయ్య ఆత్మకూరు నుంచి తిరిగొస్తూ ఎదురుపడ్డాడు. ఇరవై పొట్టేళ్లను రెండు రోజులు నడిపించుకుపోయాడట. దారిలో అవి చిక్కిపోయాయి. వెనక్కి తోలుకురాలేక, బేరగాడు అడిగిన ధరకే ఇచ్చేసి వచ్చాడు. ఇన్ని లారీలు మన ఊరి మీదుగానే పోతుంటే ఇక్కడే ఎందుకు అమ్ముకోరని హన్నమ్మ అడిగింది.

"లారీవోడు ఎందుకాపుతాడు హన్నమ్మా? ఒక్కోదాన్నీ ఎత్తి పైకెయ్యాలంటే పూటంతా పడతాది. తాపడానికి నీళ్లు లేవు. ఆత్మకూరులో గట్టుండాది, తొట్టి ఉండాది. ఆడికే పోతారు" అన్నాడు ఓబులయ్య.

ఆ మాట ఆమెను వదల్లేదు. పంచాయతీ మీటింగులో ఆర్చి వద్దంది. రోడ్డు పక్కన లారీ ఎత్తుకు సమంగా ఏటవాలు గట్టు, దాని పక్కన నీళ్లతొట్టి కట్టిద్దామంది.

"ఊరికి గౌరవమొచ్చే పని చెప్తే, గొర్రెలకు అరుగు కట్టిస్తానంటావేంది?" అన్నాడు రామనారాయణరెడ్డి.

"అయ్యా, ఆర్చి కిందనించి లారీలు పోతాయి. గట్టు కాడ ఆగుతాయి."

మెంబర్లలో సగం మందికి గొర్రెలున్నాయి. పెద్దాయన మొహం చూడకుండానే చేతులెత్తారు. మండలాఫీసులో ఇంజనీరు శ్రీనివాసులు అలాంటి పని జాబితాలో లేదన్నాడు. కాసేపు ఆలోచించి, పశువుల తొట్టికి వీలుంది గనక గట్టును దానితో కలిపి అంచనా వేస్తానన్నాడు. ఇంట్లో యేసురత్నం మాత్రం రాతి మీద పేరు పోయిందని రెండు రోజులు సణిగాడు.

ఎండాకాలంలో పని జరిగింది. పాలెం ఆడవాళ్లు, గొల్లవీధి ఆడవాళ్లు కలిసి మట్టి మోసి కూలి తీసుకున్నారు. గట్టు లేచింది, తొట్టి నిండింది. నెల గడిచినా ఒక్క లారీ ఆగలేదు. ఎవరో దాని మీద వేరుశనక్కాయలు ఎండబెట్టుకున్నారు. దారినపోయేవాళ్లు నవ్వుతుంటే హన్నమ్మ తల దించుకుని నడిచేది.

చివరికి బస్సెక్కి ఆత్మకూరు పోయింది. మద్రాసుకు గొర్రెలు పంపే మస్తాన్‌ను వెతికి పట్టుకుని సంగతి చెప్పింది. ఒక్కచోట నూరు జీవాలుంటే శనివారం వస్తానని, తక్కువైతే తన డీజిల్ ఖర్చు కూడా రాదని అతను అన్నాడు. ఆమె, ఓబులయ్య నాలుగు రోజులు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగారు. లారీ రాకపోతే ఏం చేయాలని అడిగినవాళ్లకు వస్తాడని మాత్రం అంది.

శనివారం తెల్లారేసరికి నూట ముప్పై గొర్రెలు చేరాయి. ఏడింటికి రావాల్సిన లారీ తొమ్మిదైనా రాలేదు. ఇద్దరు మందలు మళ్లించబోయారు. హన్నమ్మ రోడ్డు మీదే నిలబడింది. పదింటికి మలుపు దగ్గర హారన్ వినిపించింది. గొర్రెలు కడుపునిండా నీళ్లు తాగి, వాటంతటవే గట్టెక్కి లారీలోకి నడిచాయి. గంట పట్టలేదు. ధర ఆత్మకూరు ధరే. కానీ రెండు రోజుల నడక తప్పింది, జీవాల ఒంటి మీది కండ మిగిలింది.

మరుసటి శనివారం రెండు లారీలొచ్చాయి. ఏడాది తిరిగేసరికి అది శనివారం సంతైంది, సీతారామపురం కొండల నుంచి కూడా మందలు దిగాయి. గట్టుకు మట్టి మోసిన మాలకొండమ్మ అక్కడే ఇడ్లీల కొట్టు పెట్టింది. రామనారాయణరెడ్డి బావి కింద పచ్చిమేత వేసి సంతలో అమ్ముకున్నాడు, గట్టు మీద రేకులు వేయిద్దామని మీటింగులో తనే ప్రతిపాదించాడు. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. వలసపోయేవాళ్లు పోనే పోయారు. అయినా గొల్లవీధిలో ఈసారి తాళం పడిన ఇళ్లు రెండే.

ఒక శనివారం సంత ముగిసే వేళ హన్నమ్మ తనకూ రెండు ఆడ గొర్రెలు కావాలంది. ఓబులయ్య మందలోకి దిగి రెంటిని పట్టుకొచ్చి, ఒకదాని నోరు తెరిచి చూపించాడు.

"రెండు పళ్ల మీదుండాది, ఈడుకొచ్చింది. చలికాలానికి ఈనతాది, తీసుకో."

ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే యేసురత్నం వచ్చి తాళ్లు అందుకున్నాడు. పొద్దుగూకకముందే వాటిని ఇంటికి చేర్చాలంటూ ముందు నడిచాడు.