మొదటి గేరులో తెగిన ముక్క

"కిటికీకి అడ్డం పెట్టడానికి ఇంట్లో ఇంకేమీ దొరకలేదా నీకు?"

శనివారం పొద్దున్న మా గొడవ అలా మొదలైంది. వంటింటి కిటికీ రెక్కకి గొళ్ళెం ఊడిపోయి ఏడాది దాటింది. గాలికి కొట్టుకోకుండా రెక్కకీ చట్రానికీ మధ్య ఏదో ఒకటి ఇరికించాలి. ఇన్నాళ్ళూ ఒక పాత చెంచా ఇరికించేదాన్ని. ఆ రోజు చెంచా కనపడక, మా ఆయన సంచీ అడుగున దొరికిన ఇనప ముక్క పెట్టాను.

"విరిగిన ముక్కలు తెచ్చి ఇల్లంతా నింపేది మీరే కదా? తలుపు దగ్గర ఒకటి, పేపర్ల మీద ఒకటి, పాప బల్ల కింద ఒకటి. ఇది నేను కొత్తగా చేసిన నేరమేం కాదు," అన్నాను.

"అసలు నా సంచీలో చెయ్యెందుకు పెట్టావు?"

"ఉతకడానికి. లోపల ఉన్నవి బయటికి తీయకుండా సంచీ ఉతికే విద్య నాకింకా రాలేదు."

మా పాప నోట్లో బ్రష్షుతోనే వచ్చింది. పద్నాలుగేళ్ళది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని వాళ్ళ తాతయ్య దాన్ని లాయరమ్మ అంటారు. "గొళ్ళెం బిగిస్తానని నాన్న మాటిచ్చి పద్నాలుగు నెలలైంది. రికార్డుల్లోకి ఎక్కించండి," అని నురగ మింగుతూ వెళ్ళిపోయింది.

మామూలుగా అయితే ఆయన నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. కిటికీలోంచి ముక్కని లాగి జేబులో వేసుకుని స్నానానికి వెళ్ళారు. రెక్క టపామని కొట్టుకుంది. పదిహేడేళ్ళ కాపురంలో, ఇనుము జేబులో వేసుకుని స్నానానికి వెళ్ళడం నేను చూడలేదు.

మా ఆయన పనిచేసేది బోల్టులు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్షల గదిలో. అక్కడొక పెద్ద మిషన్ ఉంది. మా ఇంట్లో దాన్ని లాగుడు మిషన్ అంటాం. కిందనున్న పెట్టెలో గేర్లు ఒకదాన్నొకటి తిప్పుతాయి. అవి రెండు పొడుగాటి స్క్రూలని తిప్పుతాయి. ఆ స్క్రూలు ఇనప దిమ్మెని నెమ్మదిగా కిందికి దించుతాయి. పై దవడకీ కింది దవడకీ మధ్య బోల్టు ముక్కని పట్టించి, అది తెగేదాకా లాగుతారు. తెగేముందు ఇనుము ఒకచోట లొంగిపోతుంది. అప్పటిదాకా పైకి ఎక్కుతున్న ముల్లు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన అంకె కావలసినంత ఉంటేనే ఒకే విడతలో చేసిన ఆ లాటులోని వేల బోల్టులు బయటికి వెళతాయి. ఆ రిపోర్టు కింద సంతకం మా ఆయనది.

పెళ్ళైన కొత్తలో ఒకసారి చూపించడానికి తీసుకెళ్ళారు. తెగినప్పుడు తుపాకీ పేలినట్టు ఉంటుందన్నారు గానీ నాకు గుర్తున్నది అది కాదు. తెగిన రెండు ముక్కలూ ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఒకదాని చివర చిన్న గిన్నెలా ఉంది, రెండోదాని చివర ఆ గిన్నెలో సరిగ్గా కూర్చునే మూతలా ఉంది.

స్నానాల గది తలుపు మీద ఆయన ప్యాంటు వేలాడుతోంది. జేబులో చెయ్యి పెట్టాను. ఒప్పుకుంటున్నాను, ఈసారి ఉతకడానికి కాదు.

ఆయన ఇంటికి తెచ్చేవి ఎప్పుడూ నంబరు లేని, పారేసే ముక్కలే. దీనికి సన్నని తీగతో రేకు బిళ్ళ కట్టి ఉంది. బిళ్ళ మీద లాటు నంబరు, దాని పక్కన మొదటి ముక్క అని 1 అంకె. కింద సుద్దతో ఆయన రాత: 628. మొన్ననే కొత్త లాటు గురించి చెబుతూ ఆరువందల నలభై దాటాలి అని ఆయనే అన్నారు. నంబరున్న ముక్కని రెండేళ్ళు ఫ్యాక్టరీ అలమరలోనే దాచాలని చెప్పిందీ ఆయనే.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముక్క వంటింటి బల్ల మీద ఉంది. నేను దాని పక్కనే నిలబడి ఉన్నాను.

"ఇది అలమరలో ఉండాలి కదండీ?" అన్నాను.

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకుని కూర్చున్నారు. చాలాసేపు ఆ తీగనే మెలితిప్పారు.

"మొదటిది ఆరువందల ఇరవై ఎనిమిది దగ్గర లొంగింది. రెండోది ముప్ఫై ఒకటి. మేనేజరుకి చెప్పాను. ఆయన కాసేపు మిషన్ చుట్టూ తిరిగి, 'ఇవాళ ఇది బద్ధకంగా ఉందయ్యా, కాస్త చురుగ్గా నడిపి చూడు,' అన్నాడు."

"చురుగ్గా అంటే?"

"మూడో గేరు."

"మూడో గేరులో లాగితే?"

"ఇనుముకి లొంగే తీరిక ఉండదు. ముల్లు ఇంకొంచెం పైకెళ్ళి ఆగుతుంది. ఆరువందల నలభై ఏడు వచ్చింది. అలాంటివి మూడు లాగాను. ఆ మూడే రాశాను." గొంతు పెంచారు. "అంకె అబద్ధం కాదు. మిషన్ చూపించిందే రాశాను. కావాలంటే ఎవరినైనా వచ్చి చూసుకోమను."

నాకు అర్థమైంది. పిండి ముద్దని నెమ్మదిగా లాగితే సాగి జారిపోతుంది. అదే ముద్దని గభాలున లాగితే చేతికి ఎదురు తిరుగుతుంది. ముద్ద ఒక్కటే. గభాలున లాగి ఇది గట్టి పిండి అంటే వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

"ఏ గేరులో లాగారో రాసే గడి ఉంటుందా రిపోర్టులో?"

ఆయన రేకు బిళ్ళని బోర్లా తిప్పి పెట్టారు.

"ఉంటుందా అండీ?"

"ఉంటుంది. మొదటి గేరులోనే లాగాలని రూలు. ఒకటి అని రాశాను."

హాల్లో కుర్చీ కిర్రుమంది. మా మావయ్యగారు వచ్చారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు లేత్ మీద పనిచేసిన మనిషి. పక్కింట్లో కుట్టు మిషన్ నడిస్తే పళ్ళ చక్రం అరిగిందని గోడ ఇవతల నుంచే చెప్పగలరు. మా మాటలు వినడం ఆయనకొక లెక్కా? ముక్కని తీసుకుని, తెగిన అంచు మీద బొటనవేలు తిప్పారు.

"ఇనుము మంచిదేరా. చూడు, ఎంత చక్కగా సన్నబడి తెగిందో. పెళుసుదైతే పెంకులా విరిగేది. పన్నెండు అంకెల తక్కువకి ఇంత రాద్ధాంతమా?"

"రాద్ధాంతం నేను చెయ్యట్లేదు నాన్నా. మీ కోడలు చేస్తోంది."

"జేబులో పెట్టుకుని స్నానానికి వెళ్ళింది నేనా?" అన్నాను.

మావయ్యగారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, డిజైను వేసేవాడు వెర్రివాడు కాదు. మోయాల్సిన బరువుకి మూడింతలు వేసుకునే గీస్తాడు. దాంట్లో ఈ పన్నెండు ఏ మూలకి?"

అది కాదనలేని మాటే. ఆయన పనితనం తెలిసిన మనిషి కాబట్టి ఇంకా బరువుగా తోచింది. కానీ నాకు ఏదో పొసగలేదు.

"ఆ మూడింతలు వేసుకున్నాయన మీ అబ్బాయి రాసింది నిజమనుకునే కదా వేసుకున్నాడు మావయ్యా? బోల్టు బిగించేవాడూ మూడింతలు ఉందిలే అనుకుని ఒక చుట్టు తక్కువ తిప్పాడనుకోండి. బరువు ఎక్కించేవాడూ అదే అనుకుని ఇంకో బస్తా వేశాడనుకోండి. అందరూ తలా కాస్త అందులోంచే తీసుకుంటే చివరికి ఎంత మిగులుతుంది?"

"చదువుకున్నదానివి, నీతో ఎవరు వాదిస్తారు," అన్నారాయన. కోపంగా కాదు. తర్వాత నెమ్మదిగా, "నా చేతికి ఉద్యోగం అంతా నూనె తప్ప సిరా అంటలేదమ్మా. వీడి సంతకం ఉన్న మొదటి రిపోర్టు కాపీ ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. వచ్చే నెల ఆ గదికి వీణ్ణే పెద్దని చేస్తారట. ఇప్పుడెందుకు?" అన్నారు.

"ఏ పనికి వెళతాయండీ ఆ బోల్టులు?" అని మా ఆయన్ని అడిగాను.

ఆయన కిటికీ వైపు చూడకుండా చెప్పారు. "పెద్ద బిల్డింగులకి రంగులు వేస్తారే, వేలాడే తొట్టెలు. వాటికి."

మా వంటిల్లు మూడో అంతస్తులో ఉంది. ఎదురు బిల్డింగుకి పది రోజులుగా రంగు వేస్తున్నారు. పైకప్పు మీంచి ఇనప తాళ్ళతో వేలాడదీసిన పొడుగాటి తొట్టెలో ఇద్దరు నిలబడి, అంతస్తు అంతస్తుకీ దిగుతూ వస్తున్నారు. ఒకతను పొడుగ్గా, మౌనంగా ఉంటాడు. రెండో అతను నోరు మూయడు. అతనికి నేను రేడియో అని పేరు పెట్టుకున్నాను. మొదటి రోజే, "అక్కా, మీ వైపు నుంచి ఎలా ఉంది?" అని అడిగాడు. ఎడమ పక్క చారలు కనిపిస్తున్నాయన్నాను. ఊరికే అడిగినవాడు నిజంగానే మళ్ళీ పూశాడు. అప్పటినుంచీ నేను చూసి సరే అంటే గానీ తొట్టె దిగదు. నడుముకి కట్టుకోవలసిన బెల్టులు మాత్రం తొట్టె అంచు మీద ఆరేసిన బట్టల్లా వేలాడుతుంటాయి. వాటి గురించీ రెండుసార్లు అన్నాను. "ఉక్క అక్కా," అంటాడు.

ఆ తొట్టె బోల్టులు మా ఆయన ఫ్యాక్టరీవి కావు. ఎవరివో నాకు తెలియదు. వాటిని ఎవరో ఎక్కడో లాగే ఉంటారు. ఏ గేరులో లాగారో కూడా నాకు తెలియదు. పది రోజులుగా నేను రంగు చారలు మాత్రమే చూస్తున్నాను.

"అయితే ఒక పని చేస్తాను," అన్నారు మా ఆయన హఠాత్తుగా. "సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను. ఈ దరిద్రం నాకొద్దు. ఎక్కడో ఒకచోట పని దొరక్కపోదు."

మావయ్యగారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఎంత మర్యాదగా ఉందో ఆ మాట. తర్వాత ఆలోచించాను.

"లాటు ఎప్పుడు వెళుతుంది?"

"సోమవారం మధ్యాహ్నం లారీ వస్తుంది."

"మీరు మానేస్తే రిపోర్టు మానేస్తుందా?"

ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. తప్పు పట్టుకున్నందుకు కాదు, తప్పించుకునే దారి మూసేసినందుకు. గొడవకి అలవాటు పడినదాన్నే గానీ, ఆ చూపుకి కాదు. ఆయన లేచి, ముక్క తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

నేను కూర తరుగుతూ నిలబడ్డాను. ఉద్యోగం పోతే ఏమిటన్నది నాకు తెలియక కాదు. పాప వచ్చే ఏడు పై క్లాసుకి వెళుతుంది. మావయ్యగారి మందులు ఉన్నాయి. ఇన్నేళ్ళ నుంచీ ఒకే గదిలో, ఒకే మిషన్ ముందు నిలబడ్డ మనిషికి బయట ఇంకేం వచ్చు? అనవలసింది అనేశాను. ఇంకొక్క మాట అంటే అది ఆయన నిర్ణయం కాదు, నాది అవుతుంది. రేపు ఏదైనా అయితే జీవితాంతం దాన్ని ఇద్దరం మోయాలి. అందుకని నోరు కట్టేసుకున్నాను. కూర ముక్కలు ఎప్పుడూ లేనంత సన్నగా తెగాయి.

"అక్కా!" అన్నాడు రేడియో ఎదురుగా. తొట్టె మా కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. "ఇవాళ పాసేనా?"

"ముందు బెల్టు కట్టుకో. తర్వాత చెబుతాను."

"ఉక్క—"

"కట్టుకుంటేనే చూస్తాను. లేకపోతే కిటికీ వేసేస్తాను."

పొడుగాటతను ముసిముసిగా నవ్వుతూ బెల్టు తీసుకుని కట్టుకున్నాడు. రేడియో గొణుక్కుంటూ తానూ కట్టుకున్నాడు. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. గది తలుపు కొంచెం తెరిచి ఉంది. మా ఆయన అక్కడ నిలబడి కిటికీ వైపు చూస్తున్నారు. ఎంతసేపటినుంచి నిలబడ్డారో తెలియదు.

మధ్యాహ్నం నలుగురం భోజనానికి కూర్చున్నాం. మావయ్యగారు కంచంలో వేలు పెట్టి ఏదో గీస్తున్నారు. కూర ఎవరూ మళ్ళీ అడగలేదు. పాప మా మొహాలు మార్చి మార్చి చూసి, "ఎవరైనా పోయారా? కేసు వివరాలు నాకూ చెప్పాలి," అంది.

ఆయన జేబులోంచి ముక్క తీసి బల్ల మీద, నీళ్ళ జగ్గు పక్కన పెట్టారు.

"రాజీనామా ఇవ్వను. సోమవారం లారీ రాకముందే మేనేజరు టేబులు మీద ఇది పెడతాను. మూడో గేరులో లాగింది నేను, ఒకటి అని రాసింది నేను అని కాగితం రాసి సంతకం పెడతాను. ఆయన్ని నిలబెట్టి, ఆయన ముందే కొత్త ముక్కలు మొదటి గేరులో లాగుతాను. ఎంతొస్తే అంత," అన్నారు.

నా చేతిలోని గరిట గిన్నె అంచుకి తగిలి చప్పుడైంది.

మావయ్యగారు తల ఎత్తలేదు. కంచం వైపే చూస్తూ, "మొదటి గేరులో ఒక్క ముక్కకి ఎంతసేపు పడుతుంది?" అన్నారు.

"పన్నెండు నిమిషాలు."

"అంతసేపు నిలబడతాడా ఆ మనిషి?"

"నిలబడకపోతే కుర్చీ వేస్తాను," అన్నారు ఆయన. కంచం నా వైపు జరిపారు. "ఉద్యోగం సంగతి సోమవారం సాయంత్రం దాకా నన్నెవరూ అడగొద్దు. కూర వెయ్యి."