ముందు బరువు

లోవమ్మ సరదాపడి ట్రాక్టరెక్కి చనిపోలేదు. ఎక్కమన్నారు, ఎక్కింది. ఊళ్లో మాత్రం సరదా అన్న మాటే మిగిలింది. వెళ్తున్న ట్రాక్టరు పట్టుకుని పిల్లలు వేలాడితే తల్లులు ఇప్పటికీ "లోవమ్మలా సరదాపడకండర్రా" అని కేకలేస్తారు. ఆ కేక పోతురాజు నాలుగేళ్లుగా వింటున్నాడు. లోవమ్మ మొగుడు అతనే. ఆ రోజు ట్రాక్టరు తోలిందీ అతనే.

తుపాను వెళ్లిన మూడో రోజు, ఉదయం పదకొండవుతోంది. జగన్నాథరావు కొబ్బరితోటలో పోతురాజు బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పడిపోయిన నిద్రగన్నేరు మాను కింద గొలుసు దూర్చడానికి చేతులతో మట్టి తోడుతున్నాడు. చెట్టు తోటదారికి అడ్డంగా పడింది. ఆ దారి చివర జగన్నాథరావు రొయ్యల చెరువుంది. కరెంటు లేదు. చెరువులో నీళ్లు చిలికే చక్రాలు తిప్పడానికి ఉన్న జనరేటరు తెల్లవారుజామున ఆగిపోయింది. గాలి అందక రొయ్యలు పైకి తేలుతున్నాయి. వాటిని ఇవాళే పట్టి ఐసు లారీ ఎక్కించాలి. లారీ మూడింటికల్లా వస్తుందని సామర్లకోట నుంచి ఫోనొచ్చింది.

రంపం మిషను తెచ్చిన సాల్మన్ కొమ్మలన్నీ కొట్టేసి, మానును మూడు ముక్కలు చేశాడు. ఒక్కో ముక్క అరటన్ను పైమాటే. మండలంలో ఉన్న పొక్లెయిన్లన్నీ మెయిన్ రోడ్డు మీద పనిలో ఉన్నాయి. జగన్నాథరావు కొత్త ట్రాక్టరు పెద్దది, ఈ తోటలో దిగితే దిగబడిపోతుంది. ఇక మిగిలింది ఆయన తండ్రి కొన్న పాత ట్రాక్టరు. యాభై ఏళ్ల నాటిది, పాతిక హార్స్‌పవర్ది. కొబ్బరిచెట్ల వరసల మధ్య ఎలాగైనా దూరుతుంది. దాన్ని స్టార్టు చెయ్యడం పోతురాజు ఒక్కడికే తెలుసు. అందుకే అతనికింకా అక్కడ పనుంది.

చెట్టు లాగడంలో ఆ చుట్టుపక్కల అందరూ చేసే తప్పొకటుంది. గొలుసును ట్రాక్టరు వెనక కింద ఉండే డ్రాబారుకి కట్టాలి. అలా కడితే మాను మూతి బురదలో దిగబడి, నాగలిలా మట్టి తవ్వుకుంటూ వస్తుంది. పని సాగదు. అందుకని పైన, సీటు వెనక ఉన్న కొక్కేనికి కడతారు. అప్పుడు మాను మూతి పైకి లేచి తేలిగ్గా వస్తుంది. కానీ మాను దేనికైనా తట్టుకుందంటే ట్రాక్టరు తన వెనక చక్రాల మీద తనే తిరగబడుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఒకటి రెండు అని లెక్కపెట్టేంత వ్యవధి కూడా ఉండదు.

ముందు చక్రాలు లేవకుండా కంపెనీ వాళ్లు ముందువైపు ఇనప బిళ్లలు బిగించి ఇచ్చారు. ఏడేళ్ల కిందట పాత ఇనుముకి ధర బాగా పలికితే జగన్నాథరావు వాటిని అమ్మేశాడు. అప్పట్నుంచీ బిళ్లల బదులు మనుషుల్ని ముందు బంపరు మీద నిలబెడుతున్నారు. మగవాడి కూలి ఏడొందలు, ఆడదాని కూలి నాలుగొందలు. బరువు ఎవరిదైనా బరువే. అందుకని ఆడవాళ్లనే ఎక్కిస్తారు.

జగన్నాథరావు గొడుగు చేతి కర్రలా పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. గొలుసు పైన కట్టమన్నాడు. కొబ్బరాకులు ఏరుతున్న రత్నమాణిక్యాన్నీ లక్ష్మినీ పిలిచి ముందు ఎక్కమన్నాడు.

రత్నమాణిక్యం చీర దోపుకుని బంపరు ఎక్కేసింది. "మా ఇద్దర్లో బరువెక్కువ నాదేనండి బాబుగారూ. నాకో యాభై ఎక్కువిప్పించాలి" అంది.

"తూచి ఇస్తాలే. గట్టిగా పట్టుకో."

లక్ష్మి నవ్వుతూ బంపరు మీద కాలు పెట్టబోయింది. అప్పటికే ట్రాక్టరెక్కి స్టార్టు చేసిన పోతురాజు ఇంజను ఆపేశాడు. రత్నమాణిక్యాన్ని దిగమన్నాడు. ఆమె దిగలేదు. ఆమె లోవమ్మతో కలిసి పాతికేళ్లు నాట్లు వేసింది. లోవమ్మ పోయాక అతనితో ముక్తసరిగా తప్ప మాట్లాడింది లేదు.

"ఏంటన్నయ్యా, భయమా? నేనేం వదిన్లాగా సరదాకెక్కలేదులే. కూలికెక్కాను."

పోతురాజు సీటు మీంచి దిగాడు. రేడియేటరు పక్కనుంచి నడిచొచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అదీ కూలికే ఎక్కింది" అన్నాడు.

సాల్మన్ రంపానికి పెట్రోలు పోస్తున్నవాడల్లా ఆగాడు. జగన్నాథరావు గట్టు దిగాడు.

"ఏరా, ఏం మాట్లాడుతున్నావ్? స్టేషన్లో ఏం చెప్పావో మర్చిపోయావా?"

"మర్చిపోలేదండి. సరదాకెక్కిందని చెప్పాను. అబద్ధం చెప్పానండి. ఎక్కమంది తమరు. గొలుసు పైన కట్టింది నేను. తోలింది నేను. ముందు చక్రాలు లేచాయి, అది జారి కింద పడింది. నేను క్లచ్చు తొక్కాను. లేచిన చక్రాలు దాని మీదే దిగాయి."

అతని గొంతు పెరగలేదు. తగ్గలేదు. నిజం రాయిస్తే తోలినవాడే ముందు జైలుకెళ్తాడని ఆ రోజు జగన్నాథరావు నచ్చజెప్పాడు. పోతురాజు విన్నాడు. కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చి, ఆ సంగతి గోడకి కూడా చెప్పలేదు.

రత్నమాణిక్యం బంపరు దిగింది. లక్ష్మి కాలు వెనక్కి తీసుకుంది.

నువ్వు కాకపోతే ఇంకొకడు తోలతాడన్నాడు జగన్నాథరావు. పోతురాజు తాళం తీసి ఇంజను మూత మీద పెట్టాడు. జగన్నాథరావు తాళం వైపు చూశాడు, చేతి గడియారం వైపు చూశాడు. తోటలో ఆ తాళం తీసుకునేవాడు ఎవడూ లేడు.

కాసేపటికి పోతురాజే తాళం తీసుకున్నాడు. మూడు ముక్కల్నీ ఆరు చెయ్యమని సాల్మన్‌కి చెప్పాడు. గాలికి పడిన కొబ్బరిమాను ఒకటి నిలువునా చీల్పించి, ఆ చెక్కలు వరసగా పరిపించి, మాను మూతి వాటి మీదకి గెడకర్రలతో ఎత్తించాడు. గొలుసు కింద డ్రాబారుకి కట్టాడు. గొలుసు తెగితే ఎంత దూరం కొడుతుందో కాలితో బురదలో గీత గీసి, ఆ గీత లోపలికి ఎవర్నీ రావద్దన్నాడు. ఒకటో గేరు వేశాడు. గొలుసు బిగిసేదాకా ట్రాక్టరును అంగుళం అంగుళం జరిపి, బిగిశాక లాగాడు. మొదటి ముక్క చెక్కల మీద జారి పక్కకి వచ్చింది. ముందు చక్రాలు నేలను వదల్లేదు. ఇంత పనీ లోవమ్మ పోయిన రోజు కూడా చేసి ఉండొచ్చు. ఒక పూట ఎక్కువ పట్టేది, అంతే.

లారీ వచ్చేసరికి ఇంకా రెండు ముక్కలు దారిలోనే ఉన్నాయి. లారీ రోడ్డు మీదే ఆగిపోయింది. రొయ్యల ట్రేలు కూలీలు నెత్తిన మోశారు. సగం సరుకు మెత్తబడిందని లారీవాడు వదిలేసి పోయాడు. పోతురాజును రేపట్నుంచి రావద్దని జగన్నాథరావు సాల్మన్ చేత కబురు పెట్టాడు.

లారీ రాకముందు, మధ్యాహ్నం అన్నాలప్పుడు పోతురాజు ట్రాక్టరు నీడన కూర్చున్నాడు. రత్నమాణిక్యం క్యారేజీ పట్టుకుని అటే వస్తుంటే, పక్కన కూర్చుంటుందనుకున్నాడు. ఆమె నిలబడే మాట్లాడింది.

"నాలుగేళ్లు మా చేత దాన్ని తిట్టించావు కదన్నయ్యా."

ఆమె వెళ్లి లక్ష్మి పక్కన కూర్చుని క్యారేజీ విప్పింది. అన్నం తింటున్నంతసేపూ ఆడవాళ్ల మాటలు గాలికి వినిపిస్తూనే ఉన్నాయి. లోవమ్మ పేరు నాలుగైదుసార్లు వచ్చింది. సరదా అన్న మాట రాలేదు. అతన్ని మాత్రం ఎవరూ పిలవలేదు.

మర్నాడు ఉదయం అతను పొయ్యి మీద ఒక్కడికి సరిపడా ఎసరు పెట్టి కూర్చున్నాడు. రెండు పూటలకీ అదే వంట. గుమ్మంలో గొడుగు నీడ పడింది. ముప్ఫై ఏళ్లలో జగన్నాథరావు ఆ గుమ్మానికి రావడం అది రెండోసారి. మొదటిసారి శవం ఉన్న రోజు వచ్చాడు. కూర్చోమని పోతురాజు అనలేదు. పీట ఒక్కటే ఉంది, దాని మీద అతను కూర్చుని ఉన్నాడు.

జగన్నాథరావు మెత్తగా మాట్లాడాడు. తోటలో ఇంకా పదకొండు కొబ్బరిచెట్లు పడి ఉన్నాయన్నాడు. పాత ట్రాక్టరు ఎవడికీ లొంగడం లేదన్నాడు. గొలుసు నీ ఇష్టమొచ్చిన చోట కట్టుకో అన్నాడు. ఊరంతా ఒకటే గుసగుసలనీ, ఎవరో రత్నమాణిక్యాన్ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్దామంటున్నారనీ చెప్పాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"పెళ్లాం పోయిన బాధలో ఏదో వాగానని చెప్పు, చాలు. నలుగుర్లో ఒక్క మాట. రేపే పనిలోకి రా."

ఎసరు మరిగింది. పోతురాజు లేచి బియ్యం పోశాడు, గరిటెతో ఒకసారి కలిపాడు, మూత పెట్టాడు. మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

"నిన్న చెప్పాల్సింది చెప్పేశానండి. దాన్ని గురించి ఇంక మాట్లాడను. వెనక్కి తీసుకోడానిక్కూడా మాట్లాడను."