గిల్లని గింజలు

"నువ్వు పారబొయ్యమన్న చెత్తలో మొలకలొచ్చాయే అమ్మాయ్" అని అత్తయ్య ఫోన్ చేసేసరికి నేను నర్సరీలో, ఎంతకీ మొలవని నా మడుల ముందు కూర్చుని ఉన్నాను. ఎన్నని అడిగితే లెక్కపెట్టి పద్నాలుగన్నారు.

ఊరవతల రాళ్లగుట్ట మీద మోకాలెత్తు పొద ఒకటి పెరుగుతుంది. పూలు నీలం, వేలిగోరంత. ఇంకెక్కడా కనిపించదు. అక్కడ ముసలి పొదలు పదకొండు మిగిలాయి, పిల్లమొక్క ఒక్కటీ లేదు. వాటి విత్తులు మొలిపించడం నా పని. నెలాఖరులోగా మొలవకపోతే ఆ మడుల్లో పచ్చిక వేసేస్తామని ఆఫీసరు చెప్పేశారు.

మా పెళ్లయి రెండు నెలలు. మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. ఆ పొద గింజ కొసన తెల్లటి పిసరు ఒకటి అంటుకుని ఉంటుంది. దానివల్ల బూజు పడుతుందనుకున్నాను. ఆయన కంటికి అద్దం పెట్టుకుని, సన్న పట్టకారుతో ఒక్కొక్కటే గిల్లి నున్నగా చేసిచ్చారు. సాయంత్రాలు ఒకే బల్ల దగ్గర, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవాళ్లం. అంత శుభ్రమైన విత్తులు ఎవరూ చల్లి ఉండరు. ఒక్కటీ మొలవలేదు. పుచ్చులనుకుని గిల్లకుండా పక్కన పెట్టినవాటిని అత్తయ్య పెరటిగోడ మూల పోశారు.

ఇంటికెళ్లి చూశాను. మొలకలన్నీ చీమల కన్నం చుట్టూనే ఉన్నాయి. చేటలో మిగిలిన గింజలు నాలుగు అక్కడ పెట్టి ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఒక చీమ వచ్చి, తెల్ల పిసరు కరిచి పట్టుకుని, గింజను లోపలికి ఈడ్చుకుపోయింది. పిసరు దాని తిండి. గింజను మట్టిలో, నేను పైపైన చల్లినదానికన్నా లోతుగా, చేర్చడం అది ఊరికే చేసిపెట్టే పని.

"అంటే ఇన్నాళ్లూ చీమల నోటికాడి కూడు లాగేశానన్నమాట" అన్నారాయన, పట్టకారు జేబులో దాచుకుంటూ.

నాకు నవ్వు వచ్చింది కానీ ఆగిపోయింది. పొదలకు చీమలు పట్టాయని గుట్ట మీద ఏటా చీమలమందు చల్లిస్తున్నది మా నర్సరీయే. ఈ ఏడు చల్లాల్సింది రేపే.

ఆఫీసరుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. పచ్చిక మాట అలా ఉంచి ముందు మందు ఆపిస్తానన్నారు. గుట్ట దిగువన, మందు పడనిచోట, ఇంకా చీమల పుట్టలున్నాయి. బీరువాలో గిల్లని గింజలు ఒక డబ్బా ఉన్నాయి.

"పొద్దున్నే బయల్దేరదాం, నేనూ వస్తా" అన్నారు అత్తయ్య. "మీ ఇద్దరికీ చెత్త పొయ్యడం చేతకాదు."