రోడ్డుకూ రేగడికీ ఒకే టైరు

లక్సెట్టిపేట పద్మశాలి వాడలో అంబదాసు వేళ్లంటే అందరికీ నమ్మకం. చీర మడత విప్పకుండానే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఒక్కసారి నలిపేవాడు. ఇది ఫలానా ఇంటి నేత, ఇక్కడ పేక పలచబడింది, నేసినవాడికి ఆ పూట ఒంట్లో బాగాలేదు అని చెప్పేసేవాడు. అది తప్పయినా ఎవరూ ఎదురాడేవాళ్లు కారు, అంత నిబ్బరంగా చెప్పేవాడు మరి. అతని ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులున్నాయి గానీ నిబ్బరం నిండుకున్న రోజు లేదు.

ఆ నిబ్బరంతోనే 1961లో పాత మిలిటరీ జీపు ఒకటి వేలంలో పాడి తెచ్చాడు. అప్పటిదాకా వాడకట్టు నేసిన చీరలన్నీ ఊళ్లో సావుకారే కొని, ఎడ్లబండ్ల మీద జైనూరు అంగడికి పంపి, గోండు ఆడవాళ్లకు తనకు తోచిన ధరకు అమ్మించేవాడు. నేసినవాళ్లకూ తనకు తోచినంతే ఇచ్చేవాడు. మన చీరలు మనమే తీస్కపోయి అమ్ముదామన్నాడు అంబదాసు. వారంలో సగం రోజులు మంచిర్యాల స్టేషన్ నుంచి డాంబరు రోడ్డు మీద నూలు మోయాలి, అంగడి రోజున అడవిదారి పట్టి జైనూరు పోవాలి. జీపు ఒకటే, దారులు రెండు.

ఈ సంగతి సావుకారు చెవిన పడింది. జీపులో చీర వేసినవాడు ఇక తన గడప తొక్కనక్కర్లేదని కబురు పంపాడు. గోండుల దండారి పండుగ ముందు జైనూరు అంగడిలో చీరలు అమ్ముడుపోతేనే ఆ వాడలో మగ్గాలు ఆడతాయి. జీపు అడవిలో చతికిలబడిందంటే ఇటు అంగడీ తప్పుతుంది, అటు సావుకారూ కొనడు. వాడకట్టుకు పెద్ద, అంబదాసుకు పెదనాన్న వరసైన బాలమల్లుకు ఆ దిగులుతో అన్నం సహించడం లేదు.

"బిడ్డా, నడుస్తదా గీ జీపు?" అని అడిగాడు.

"నడుసుడేంది పెద్దబాపూ, ఉరుకుతది. టైర్లు ఒక్కటే అరిగినయి. కరీంనగర్ పోయి నేనే ఏరుకొస్త."

కరీంనగర్‌లో టైర్ల దుకాణం సాంబయ్య మూడు రకాలు దొర్లించి చూపించాడు. మొదటిదానికి వేళ్లు దూరేంత ఎడంతో పెద్ద పెద్ద పళ్లున్నాయి.

"తమ్మీ, అడవికైతే గిది. కాని డాంబరు మీద మోత పెడతది, జల్ది అరుగుతది. వానల బ్రేకు కొడితె జారుతది."

అంబదాసు ఆ పళ్ల మధ్య వేళ్లు పెట్టి మొహం చిట్లించాడు. "గిది జల్లెడ. గిసొంటి నేత నేస్తే మా బాపు నన్ను మగ్గం మీదికెల్లి దించి బయటికి ఎల్లగొట్టేటోడు."

రెండోదానికి సన్నటి గాట్లు దగ్గర దగ్గరగా, ఎడం లేకుండా ఉన్నాయి. బొటనవేలితో నలిమాడు. నలగలేదు. అతని ముఖం విప్పారింది. "గిది, గిది నేత అంటే."

"గది రోడ్డు బండ్లకు తమ్మీ. బట్ట వేరు, టైరు వేరు."

"గట్టిగ ఉన్నదేదైనా గట్టిగనే ఉంటది సాంబయ్యన్నా."

మూడోదాన్ని అతను సరిగ్గా చూడనేలేదు. నడుమ గాట్లు దగ్గరగా ఉండి, అంచులు మాత్రం తెగ్గొట్టినట్టు ఎడం ఎడంగా ఉన్నాయి. అంచు తెగిన చీర ఎవడు కొంటాడని దాన్ని కాలితో పక్కకు నెట్టేశాడు.

కొత్త టైర్లతో మంచిర్యాల రోడ్డు మీద జీపు వెన్న మీద నడిచినట్టు నడిచింది. నూలు మూటలతో తిరిగొస్తూ అంబదాసు దారిన పోయేవాళ్లందరికీ చెయ్యి ఊపాడు, తెలిసినవాళ్లకూ, తెలియనివాళ్లకూ. ఆ ఊపులోనే, పండుగ అంగడికి ముందు దారి చూసివద్దామని కొద్దిపాటి చీరలతో జైనూరు బయలుదేరాడు. పెళ్లాం అనసూర్య పక్కన కూర్చుంది. గోండు ఆడవాళ్లతో వాళ్ల మాటల్లో బేరమాడగలిగింది ఆమె ఒక్కతే. అతనికి జీపు తోలడం వచ్చు, ఆమెకు చీర అమ్మడం వచ్చు.

ఉట్నూరు దాటాక నల్లరేగడి మొదలైంది. ముందురోజే వాన పడింది. కాస్త దూరం పోయాక జీపు మెల్లగా పక్కకు జారి, దారికి అడ్డంగా తిరిగి కూర్చుంది. నాలుగు చక్రాల గేరు వేశాడు. నాలుగు చక్రాలూ ఉన్నచోటనే తిరిగాయి. ఇంకా తొక్కితే ఇరుసుదాకా దిగబడింది.

అనసూర్య చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని దిగి చక్రాన్ని చూసింది. "గిదేందయ్యా, దీనికి గాట్లుండె గద. ఏవి?"

అంబదాసు కూడా దిగి చూశాడు. గాట్లు లేవు. సన్నటి సందులన్నీ రేగడితో నిండిపోయి, టైరు అలికిన అరుగులా నున్నగా ఉంది. పుల్ల తీసుకుని గీకాడు. బంక మట్టి ఊడి రాలేదు.

"గట్టి నేత అంటివి," అంది అనసూర్య. "సొచ్చిన బురద బయటికి పోనీకి సందేది? మాకు పిండి జల్లించనీకి జల్లెడ కావాలె. గట్టి బట్టల పోస్తె ఏం రాలుతది?"

అతనికి ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ టైరు ముందే బురదలో గొంతుక్కూర్చుని పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక లోపల చురుక్కుమంది. ఇంటికి పోయి పెద్దబాపుకు ఏ ముఖం చూపించాలి?

అప్పుడే సావుకారు బండ్లు ఖాళీగా తిరిగొస్తూ అక్కడికి చేరాయి. బండ్లకు పెద్ద వెంకటి. "అంబదాసన్నా, జీపుకు గడ్డి వెయ్యమంటవా?" అని తన ఎడ్లనే కట్టి జీపును బయటికి లాగించి, ఇంటిదారి పట్టించాడు. వెంకటి చేతిలో ఎడ్ల పగ్గాలున్నాయి గానీ నోటికి మాత్రం పగ్గం లేదు. పండుగ అంగడి ఇంకా వారం ఉందనగానే ఆ కథ లక్సెట్టిపేటలో ఇంటింటా తిరిగింది.

వాడలో పొద్దున్నే వీధి పొడుగునా పడుగు చాపి, ఇంటిల్లిపాదీ దారాలు సరిచేస్తున్నారు. అంబదాసు రాగానే ఎవరి చూపులు వాళ్లు దారాల మీదికి దించుకున్నారు. ఇద్దరు ముగ్గురు అప్పటికే చీరలు మూటగట్టి సావుకారు దగ్గరికి పోవడానికి సిద్ధంగా ఉన్నారు. అతను దాక్కోలేదు, నసగలేదు. వీధి నడుమ నిలబడి చెప్పాడు.

"టైర్లు ఏరుట్ల నేనే తప్పుచేసిన. బట్టను చూసినట్టు చూసిన. జీపుది ఏం తప్పు లేదు. రేపు మార్చుకొస్త."

"మళ్ల దిగవడితే?" అన్నాడు బాలమల్లు. "నువ్వు గోదార్ల పడి మమ్ములను గూడ గుంజుతున్నవు బిడ్డా. సావుకారు ఒల్లనంటే మేం యాడికి పోవాలె?"

"దిగవడది."

"నోటితోని జీపు నడవది. వాగొడ్డు మీది నా రేగడి చేన్ల నడిపి చూపియ్యి. అప్పటిదాంక నా చీర ఒక్కటి కూడ ఎయ్య."

మిగతావాళ్లూ పెద్దాయన మాటే తమ మాటన్నారు. మూటలు కట్టినవాళ్లు మాత్రం విప్పకుండా పక్కన పెట్టుకున్నారు.

అంబదాసు మర్నాడే కరీంనగర్‌లో ఉన్నాడు. సాంబయ్య నవ్వు దాచుకోవడానికి మీసం దువ్వుకుని, పెద్ద పళ్ల టైరు దొర్లించాడు. అంబదాసు అడ్డంగా తలూపాడు. అడవికి పోయేది వారానికి ఒక్క రోజు. మిగతా రోజులు నూలు తేవాలి. ఆ పళ్లతో డాంబరు మీద తిరిగితే సంక్రాంతి నాటికి మళ్లీ అరిగి గుండ్లే. వానలో స్టేషన్ దగ్గర మనుషుల మధ్య జారితే ఇంకేమన్నా ఉందా? అంతా ఆలోచించుకునే వచ్చాడు.

"ఆనాడు కాలితోని నూకిన టైరు తియ్యన్నా," అన్నాడు.

దాన్ని నేల మీద పడుకోబెట్టి ఈసారి వేళ్లతో కాకుండా కళ్లతో చూశాడు. గట్టి నేల మీద నడుమభాగమే ఆనుతుంది, అది దగ్గరగా ఉండాలి, ఉంది. మెత్తటి నేలలో టైరు కూరుకుపోతేనే అంచులు పని మొదలుపెడతాయి. అక్కడ ఎడం ఉండాలి, బురద పక్కకు పోవాలి, ఉంది. చీరకు అంచు గట్టిగా ఉండాలి. టైరుకు అంచు విడిగా ఉండాలి. మనిషి బుర్ర ఒక్కోసారి తిరగేసి కట్టుకున్న ధోవతిలా ఉంటుందని తనను తానే తిట్టుకున్నాడు. రోడ్డు టైర్లను సాంబయ్య వెనక్కి తీసుకుని వీటితో మార్చి ఇచ్చాడు.

వాగొడ్డు చేను దగ్గరికి వాడ వాడంతా వచ్చింది. వెంకటి కూడా వచ్చాడు, ఎడ్లు అవసరమైతాయేమోనని. రాత్రి పడిన వానకు రేగడి కాలు పెడితే చెప్పు వదలడం లేదు. బాలమల్లు తెల్లటి ధోవతి కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. అనసూర్య ఎవరూ చెప్పకముందే వచ్చి మొగుడి పక్కన ఎక్కి కూర్చుంది. మళ్లీ దిగబడితే నవ్వులు అతని ఒక్కడి మీదే పడకూడదని.

జీపు చేన్లోకి దిగింది, కూరుకుంది. టైర్ల అంచుల్లోంచి బురద ముద్దలు ముద్దలుగా ఎగిరింది. జీపు గురగురమంటూ, నిదానంగా, ఎక్కడా ఆగకుండా చేను ఆ చివరిదాకా పోయి, తిరిగి గట్టువైపు వచ్చింది. వస్తూ వస్తూ ఒక పెద్ద ముద్దను బాలమల్లు ధోవతి మీద, ఇంకోదాన్ని అతని భుజం మీద వేసింది. అంబదాసు అక్కడ ఆపలేదు. నేరుగా డాంబరు రోడ్డెక్కి, వేగంగా పోయి, తడి రోడ్డు మీద బ్రేకు కొట్టాడు. జీపు గీత గీసినట్టు తిన్నగా నిలబడింది.

బాలమల్లు భుజం మీది బురదను తుడుచుకోలేదు. దాన్ని చూసుకుని, జీపును చూసి, కొడుకుతో అన్నాడు: "ముందుగాల మన చీరలు ఎక్కియ్యిరా. అడుగుకు వోనియ్యకు, పైన పెట్టు."

పండుగ అంగడి నాడు జైనూరులో సావుకారు బండ్లు చేరేసరికి అనసూర్య సగం మూటలు ఖాళీ చేసింది. ఒక గోండు ముసలమ్మ ఆకుపచ్చ చీర చంకన పెట్టుకుని, వచ్చే అంగడికి మనవరాలికి ఎర్రంచుది తేవాలంది. వానలు పడితే మీరు రారు కదా అని తనే అనుమానపడింది. అనసూర్య మొగుడి వైపు చూడనైనా చూడలేదు, వస్తామని చెప్పేసింది. అంబదాసుకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ నమ్మమని ఊరందరికీ తనే చెప్పుకొచ్చాడు గానీ, తన మీద నమ్మకంతో ఇంకొకరు మాట ఇచ్చేయడం అతనికి ఇదే మొదలు.

పొద్దు గూకే వేళకు జీపు లక్సెట్టిపేట చేరింది. బాలమల్లు వీధి మొగదల్లోనే కాచుకుని ఉన్నాడు. ఎంత వచ్చిందని అడగలేదు, దారి ఎట్లుందని అడగలేదు. జీపు వెనక్కి పోయి లోపల చెయ్యి పెట్టి, ఆ మూలనుంచి ఈ మూలదాకా తడిమి చూశాడు. ఒక్క చీర తగల్లేదు. చెయ్యి బయటికి తీసి, ఇంటివైపు తిరిగి పెళ్లాన్ని పిలిచాడు.

"చంద్రవ్వా, కొత్త పడుగుకు నూలు నానవెయ్యి."