నాలుగో బావి

నారాయణమ్మ లెక్కల్లో బి.ఏ. చదివి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ ఆ చదువు పాలల్లో నీళ్లెన్నో తేల్చడానికే పనికొచ్చింది. అందుకే 1964లో ఒకరోజు భర్త దివాకర్ డాక్టరు పెట్టెడు కార్డులు తెచ్చి ముందు పెడితే, పుట్టింటినుంచి మనిషి వచ్చినంత సంబరమైంది.

కుందుర్పి పక్క ఒక పల్లెలో జనానికి నడుములు వంగిపోతున్నాయి. నీళ్లదే తప్పని దివాకర్ అనుమానం. ఊళ్లో బావులు మూడు. తప్పు ఏ బావిదో తేలితే దాన్ని మూయిస్తారు. నెలాఖరుకు తేలకపోతే సర్వేనే మూసేస్తామని పైవాళ్లు రాశారు.

మనిషికొక కార్డు, గుమాస్తా ఊళ్లో అడిగి నింపింది. అంచు చుట్టూ చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో సంగతి: బావి, వయసు, నడుము. మనిషికి వర్తించే చిల్లును అంచుదాకా కత్తిరించాలి. కట్టలో ఆ చిల్లుగుండా పొడుగాటి సూది దూర్చి ఎత్తితే, కత్తిరించినవి రాలతాయి, మిగతావి వేలాడతాయి. నారాయణమ్మ స్వెట్టరు అల్లే సూది తీసింది. అనంతపురం ఎండల్లో దానికి దొరికిన మొదటి పని అదే.

వంగిన నడుముల కార్డులు వేరుచేసి చూస్తే, మగవాళ్లవన్నీ ఆ మూడింట్లో ఒకటైన ఎర్రబావి చిల్లుకు రాలాయి. ఆడవాళ్లవి సగమే అలా రాలాయి, మిగతా సగం 'వేరే బావి' చిల్లుకు రాలాయి.

"ఊర్లో మూడే బావులుండాయి. ఈ నాలుగోది యాడిదండీ?"

"మా గుమాస్తా కునుకుతా రాసినాడేమో."

"నేను పోయి అడిగొస్తా."

"ఆ ఎండకా?"

"వంటింట్లో ఏమన్నా మంచు కురస్తాండాదా?"

మర్నాడు జీపులో ఆమె కూడా పోయింది. మొదటి కార్డు హనుమక్కది. అరవై ఏళ్ల మనిషి, ఎదుటివాళ్ల మొహం చూడాలంటే మెడ పక్కకు తిప్పాలి.

"నీది ఏ బావి అవ్వా?"

"కొత్తచెరువు ఊరి పక్క మా నాయన తోటబాయి. ఆ పొద్దే రాసుకునే ఆయప్పకు చెప్తి గదమ్మా. బెల్లమే, ఆ నీళ్లు!"

"పెండ్లయి ఎన్నేండ్లాయ?"

"నలభై."

"మరి నలభై ఏండ్లుగా ఈడ ఏం తాగుతాండావు?"

"ఎర్రబాయివి. అయ్యీ నీళ్లేనా? ఏదో గొంతు తడుపుకునేకి. నాదని ఎట్ల చెప్పేది? అది మా అత్తోళ్లది."

నారాయణమ్మ నవ్వబోయి ఆగిపోయింది. తననడిగినా గార్లదిన్నెలో పుట్టింటి పెరటిబావి పేరే చెప్పేది. అనంతపురం కుళాయి గుర్తుకే వచ్చేది కాదు.

సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగి, 'వేరే బావి' అన్న ఆడవాళ్లందరికీ కొత్త కార్డులు కత్తిరించింది. హనుమక్క అరుగు మీదే సూది ఎత్తింది. వంగిన నడుములన్నీ ఎర్రబావి చిల్లుకు జలజలా రాలాయి. దివాకర్ కూచుని వాటిని లెక్కపెట్టాడు.

"ఏమాయమ్మా?" అంది హనుమక్క.

"ఎర్రబావి మూసేస్తారవ్వా."

"మూయనీ. మా నాయన బాయి కొట్టేస్తివా?"

"కార్డులోంచి కొట్టేస్తి."

ముసలామె మెడ పక్కకు తిప్పి తన పాత కార్డు చూసింది. "ఒక్క చెంబుడు తాగాలని ఉండాదమ్మా. ఈ నడుముతో బస్సెక్కలేను."

నారాయణమ్మ ఆమె పాత కార్డు వెనక్కి తిప్పి, పెన్సిలు తీసింది. "దారి చెప్పవ్వా. చెంబు కాదు, బిందెడు తెస్తా."

"చెరువుకట్ట దిగితే చీనీచెట్లు. ఆడ చెప్పులిడిచిపో తల్లీ, మా నాయనకు కోపమొస్తాది."

ఆ నాయన పోయి ఎన్నేళ్లయిందో నారాయణమ్మ అడగలేదు. చెప్పులు విడవాలని రాసుకుంది.