నలుగురికే చదివింది

"పచ్చడి మంచిగుంది. నూరేటప్పుడు ఎవరి మొకం యాదికొచ్చింది?" అన్నాడు వినోద్ అన్నం కలుపుకుంటూ, నవ్వుతూ.

మజ్జిగ పోయబోయిన నీరజ చేయి ఆగిపోయింది. పచ్చడి నూరుతుంటే ఒక మొహం గుర్తొచ్చి చేతిలో బండ ఇంకాస్త గట్టిగా పడుతుందని ఆమె రాసుకున్న మాట అది. దాన్ని చదివి వినిపించింది నలుగురికే. ఆ నలుగురూ ఆడవాళ్లే.

సూర్యాపేటలో నర్సుగా చేసి రిటైరైన సారమ్మ, రాసుకునే ఆడవాళ్లను తన మేడ మీద గదిలో నెలకు రెండు ఆదివారాలు కూర్చోబెడుతుంది. కోదాడలో ప్రైవేటు స్కూలు టీచరైన నీరజ రెండు పూటలకూ వండి, అత్తగారి మాత్రలు బల్లమీద పెట్టి, భర్త వినోద్ ఫ్యాక్టరీ బట్టలు ఉతికి ఆరేశాకే బస్సెక్కేది. మధ్యలో ఏదైనా రాస్తే గొంతు రికార్డు చేసి ఫోన్లో గ్రూపుకు పంపేది. పచ్చడి మాటా అలా పంపిందే. "మా నీరజను నేనే పంపిస్తున్న" అని వినోద్ చుట్టాలందరికీ చెప్పుకునేవాడు.

మరి ఆ మాట మోసిందెవరు? ఆడవాళ్లు నలుగురు కలిస్తే అందులో ఒకతి చాడీలు చెప్పేదే ఉంటుందని అత్తగారు నాంచారమ్మ ఎప్పుడూ అనే మాట నీరజ చెవిలో తిరిగింది. ఆ రాత్రికే ఒక పేరు తేలింది. కావ్య. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉంటుంది. ఆమె భర్తదీ వినోద్‌దీ ఒకే షిఫ్టు. ఇంకేం కావాలి?

ఫోన్ చేసి అడిగేసింది.

"నేను రాస్తనని మా ఇంట్లనే తెల్వదు అక్కా. గుడికని చెప్పి వస్తున్న. మీ ఆయనకెట్ల చెప్త?"

నీరజ నమ్మలేదు. కావ్య ఉంటే తాను చదవనని సారమ్మకు చెప్పింది. కడుపులోనే పోయిన బిడ్డ గురించి రాస్తున్న కావ్య, దాన్ని సగంలోనే వదిలేసి ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయింది.

పది రోజుల తర్వాత నీరజ ఇంకొకటి రికార్డు చేసి పంపింది. ఈ ఇంట్లో తాను గడియ పెట్టుకోగలిగేది స్నానాల గదికొక్కదానికేనని. మర్నాడు ఆమె తువ్వాలు, ఫోను తీసుకుని లేస్తుంటే వినోద్, "పో పో. నువ్వు గడియ పెట్టుకునే తలుపు అదొక్కటే గద" అన్నాడు.

ఆమె లోపలికెళ్లి గడియ పెట్టుకుని, బకెట్టు బోర్లించి కూర్చుంది. కావ్య లేదిప్పుడు. మరైతే సారమ్మా? అప్పుడు కూడా ఆమెకు తోచింది ఇంకో ఆడమనిషి పేరే. మిగిలిన ముగ్గురి గొంతులూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుని, ఎవరి మీదా అనుమానం నిలవక ఆఖరికి ఫోన్లో సెట్టింగులు తెరిచింది. తన వాట్సాప్ ఇంకో కంప్యూటరులో కూడా నడుస్తోంది. తేదీ చూస్తే, ఫొటోలు భద్రం చేసిస్తానని వినోద్ ఆమె ఫోన్ తీసుకున్న రోజు.

బయటికొచ్చి అడిగితే అతను లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"మొగుడు పెండ్లాల నడుమ దాపరికమేంది? తిట్టిన్నా, కొట్టిన్నా? విన్న, గంతే."

ఇన్ని రోజుల అనుమానంలో ఇతని పేరు ఒక్కసారైనా ఎందుకు రాలేదా అని ఆ పూటంతా ఆలోచిస్తూనే ఆమె బియ్యం ఏరింది, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దింది.

ఆదివారం సూర్యాపేట బస్సు ఎక్కకుండా మేళ్లచెరువు వెళ్లింది. కావ్య భర్త డ్యూటీలో ఉన్నాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది, లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడు మాత్రం ఎట్ల నమ్మాలె అక్కా? మీ అంతట మీరే వచ్చిన్రో, ఆయన పంపితే వచ్చిన్రో."

తాను అడిగిన రోజు కావ్య దగ్గర మాత్రం ఏ రుజువుంది? నీరజ సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇందులో ఆయన విననివి ఉన్నాయి. చదువు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే చెప్పు."

సూర్యాపేటలో వినోద్‌కు తెలియకుండా తనొక్కదానికే కిరాయికి గది చూసి వచ్చిన సంగతి కూడా అందులోనే రాసి ఉంది. వినోద్ పక్కన డ్యూటీ చేసే మనిషి ఇంట్లో ఆ పుస్తకం వదిలేసి నీరజ తిరుగు బస్సెక్కింది.